కాలిన బండి, మా బావ

పోయిన వారం తొర్రూరులో పెళ్లికి వెళ్తుంటే, కాలిపోయిన పత్తి లారీ ఒకటి రోడ్డు పక్కన కనిపించింది. ఆటో ఆపించి దిగాను. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ఆటోలో ఉక్కపోతకు విసుక్కుంటుంటే, నేను లారీ చుట్టూ తిరుగుతూ తుప్పు ఏ వైపు ఎర్రగా పట్టింది, పొగ ఏ వైపుకు పాకింది అని చూస్తున్నాను. "జల్ది రారాదు, ఆడ తలంబ్రాలు గూడ అయిపోతయి" అందామె. ఆ లారీ సారుదేనా అని ఆటో డ్రైవరు ఆమెను మెల్లగా అడిగాడట. లారీ నాది కాదు. కాలిన ఇనుము కనిపిస్తే నిలబడి చూసే ఈ అలవాటు మాత్రం మా బావ అంటించినదే.

బావ అంటే మా అక్క భర్త. మొగుళ్లపల్లిలో వ్యవసాయం. అంతకుముందు సైన్యంలో మెకానిక్కు. దెబ్బతిన్న బండ్లకు గొలుసులు కట్టి వెనక్కి లాక్కురావడం ఆయన పని. ఆయన సర్వీసు గురించి మాకు తెలిసింది అంతే. మూడేళ్ల కిందట చలికాలంలో వరంగల్‌లో కంటి శుక్లం తీయించుకుని, మళ్లీ మళ్లీ చూపించుకోవాలి కనుక అక్కతో కలిసి స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంట్లో పది రోజులున్నాడు. నేను డ్రాయింగు మాస్టరుగా రిటైరై, ప్లాస్టిక్ ముక్కలు అతికించి బుల్లి బుల్లి బండ్లు తయారుచేసే పిచ్చిలో పడిన రోజులవి. అప్పుడు బల్ల మీదున్నది జానెడు పొడవు కవచ వాహనం, అంటే సైనికులను లోపల కూర్చోబెట్టుకుని చక్రాల చుట్టూ ఇనుప పట్టీలు తిరుగుతూ నడిచే బండి. దాన్ని యుద్ధంలో తగలబడినట్టు తీర్చిదిద్ది, జనగామలో నా పాత విద్యార్థులు పెడుతున్న ప్రదర్శనలో ఉంచాలని నా ఆశ. వారం రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని నిగనిగలాడే నలుపు వేశాను.

ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న బావ రెండో కంటితో దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఏం బామ్మర్ది, గిది కాలిందా, మసి పూసినవా?" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు రంగులు నేర్పినవాణ్ణి, నాకు చురుక్కుమంది. కాలిన ఇనుము నల్లగా కాక ఇంకెట్లా ఉంటుందని అడిగాను. "మంట కొట్టిన కాడ రంగు లేచిపోయి బూడిద లెక్క అయితది. గా మీద నాలుగు రోజులు మంచు పడ్డదంటే ఎర్ర తుప్పే. నలుపంటవా, పొగ పోయిన తొవ్వల ఉంటది" అన్నాడు. వర్షాల గురించి, మిరప తోట గురించి తప్ప నోరు విప్పని మనిషి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి చూశాను.

నమ్మలేదని నా ముఖంలో కనిపించిందేమో, అటక మీది పాత ట్రంకు పెట్టె మూత ఊడదీసి, పెరట్లో నీళ్ల పొయ్యిలో పెట్టించాడు. ఆకుపచ్చ రంగు బుడగలు లేచి పేలిపోయింది. ఆ మూతను నాలుగు రాత్రులు మంచులో వదిలేశాం. అయిదో పొద్దున చూస్తే అచ్చం బావ చెప్పినట్టే ఉంది. కానీ ఆ పెట్టె మా ఆవిడకు వాళ్ల అవ్వ ఇచ్చినదని ఇద్దరికీ గుర్తు లేదు. "వదినా, వీళ్లిద్దర్ని పొయ్యి కాడికి రానీకు" అని ఆమె మా అక్కకు ఫిర్యాదు చేసింది. రెండు రోజులు మాకు టీ చల్లారాకే వచ్చింది.

ఆ మూతను ముందు పెట్టుకుని పని మళ్లీ మొదలుపెట్టాం. మూత మీది తుప్పునే గీకి, పొడిచేసి, జిగురునీళ్లతో బండికి అద్దాను. పొయ్యిలో బూడిదను పాత చీరగుడ్డలో జల్లించి పైన చల్లాను. గుండు దూరిన రంధ్రానికి సూది కాల్చి గుచ్చితే, అంచు లోపలికి మడవాలని బావ దిద్దాడు. చక్రాల చుట్టూ రబ్బరు కాలిపోతే బండి కిందికి కూర్చుంటుందంటే, చక్రాలన్నీ అరగదీశాను. బావ కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేయడం, నేను చేయడం. అంత హాయిగా గడిచిన రోజులు ఆ ఏడాదిలో నాకు మళ్లీ లేవు.

తెల్లారితే ప్రదర్శన. ఆ ముందు రోజే కంటి కట్టు విప్పారు. బావ బండిని రెండు చేతుల్లోకి తీసుకుని, మొదటిసారి రెండు కళ్లతో, పై నుంచి చూశాడు. చూసి, బల్ల మీద పెట్టి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అన్నానికి పిలిచినా రాలేదు. నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. అక్క వచ్చి బండిని ఒకసారి చూసి, "మూతలు పెట్టి ఉన్నయి గద తమ్మీ" అంది.

బండి పైన సైనికులు ఎక్కి దిగే మూతలు మూడు. లోపల ఏమీ చేయనక్కర లేకుండా వాటిని నేనే జిగురుతో మూసేశాను. అక్క చెప్పింది. కాలిన బండి దగ్గరికి పోతున్నప్పుడు బావ దూరం నుంచే మొదట చూసేది మూతలనట. తెరిచి ఉంటే లోపలివాళ్లు దూకి బయటపడ్డట్టు. మూసి ఉంటే, వాటిని తెరవాల్సింది ఆయనే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెతోనూ ఒక్కసారే చెప్పాడట.

ఆ మధ్యాహ్నం బ్లేడుతో మూతలు కోశాను. ఒకటి విరిగింది, పైభాగం పగిలింది, అన్ని రోజుల పని పాడైంది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. లోపల దీపం మసి పట్టించి, మూడింటినీ వెనక్కి తెరిచి అతికించి, గేటు దగ్గరికి తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాను. ఆయన ఒక్కో మూత మీద వేలు ఆనించి చూశాడు.

"దిగిపోయిన్రు" అన్నాడు. బండిని నా చేతికిస్తూ, "అందరు దిగిపోయిన్రు బామ్మర్ది" అన్నాడు. అప్పుడొచ్చి అన్నం తిన్నాడు. రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాడు.

ఆయన సైన్యం నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లూ ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. ఏళ్లు గడిచాయి కదా, మరిచిపోయి ఉంటాడని నేను అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని ఆయన అన్నేళ్లూ ఎదురుచూశాడు.