లాజర్ బూటు లేసు

లాజర్ పింతిలియె బూటు లేసు ఒక్క ఆటలోనూ చివరిదాకా నిలవలేదు. జియు లోయలో బొగ్గుగని ఫుట్‌బాల్ జట్టుకు అతను తొమ్మిదేళ్లు ఫార్వర్డ్‌గా ఆడాడు. నూట పన్నెండు గోల్స్ కొట్టాడు. జనం గోల్స్ మరిచిపోయారు. లేసు మాత్రం గుర్తుంది.

కార్నరైనా, ఫ్రీ కిక్కైనా అతనే కొట్టాలి. బంతిని పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు కిందికి చూసుకునేవాడు. ఒక మోకాలు నేలకు ఆనేది. మిగతా ఇరవై ఒక్క మందీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవారు.

"ఒరేయ్ లాజర్, మీ ఆవిణ్ణి పిలవమంటావా? వచ్చి కట్టిపోతుంది!" అని గట్టు మీంచి అరిచేవారు.

"ఆవిడ కడితే విప్పలేం రా," అనేవాడు, తలెత్తకుండా.

కోచ్ గాబోర్ తోలు లేసులు తెచ్చాడు. మైనం రాసినవి తెచ్చాడు. చివరికి జట్టంతా చూస్తుండగా తనే కూర్చుని రెండు ముళ్లు వేశాడు. ఎనిమిదో నిమిషంలో ఊడింది. గాబోర్ టోపీ తీసి నేలకేసి కొట్టి తొక్కాడు. ఆ ఏడాది మూడు టోపీలు పోయాయి.

లేసు ఊడితే సంతోషించేవాడు ఒక్కడే. సిమియోన్ ద్రెగిచ్. జట్టులో అందరికన్నా పెద్దవాడు. పదమూడేళ్లు బొగ్గు తవ్వాడు. ఛాతీ నిండా దుమ్ము. జట్టులో ఉన్నంతకాలం నేల మీద, గని దీపాలు ఇచ్చే గదిలో పని. తీసేస్తే మళ్లీ కిందికి. కిందికి దిగితే తను ఎన్నాళ్లుంటాడో అతనికి తెలుసు. అందుకే మైదానంలో దగ్గొస్తే మింగేవాడు. ఇక ఊపిరి అందదు, పడిపోతాను అనుకునేసరికి, ఎక్కడో లాజర్ లేసు ఊడేది.

ఆట మర్నాడు చర్చికి పోయి నికోలాయ్ స్వామి పటం ముందు కొవ్వొత్తి వెలిగించేవాడు. "ఈ వారం కూడా ఊడదీశావు స్వామీ. చల్లగా చూశావు."

ఒకసారి జాతీయ జట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి బుకారెస్ట్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆ రోజు సిమియోన్‌కు జ్వరం కూడా. లాజర్ రెండు గోల్స్ కొట్టాడు. ఏడుసార్లు మోకరిల్లాడు. పెద్దమనిషి పుస్తకం మూసేశాడు.

"కాళ్లు బంగారం. బూటు కట్టుకోవడం రానివాణ్ణి పరాయి దేశాల ముందు ఎలా నిలబెట్టను?"

ఆ రోజు గాబోర్ తన టోపీతో పాటు ఆయన టోపీ కూడా తొక్కాడు.

సిమియోన్‌కు పింఛను వచ్చింది. ఇక ఎవరూ అతన్ని కిందికి పంపలేరు. ఆ చలికాలం లాజర్‌ను భోజనానికి పిలిచాడు. ఇల్లు కొండ మీద. మంచులో ఇద్దరూ ఎక్కుతుంటే సగం దారిలో సిమియోన్‌కు ఊపిరి ఆడలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

ముందు నడుస్తున్న లాజర్ ఆగాడు. "ఉండన్నా. లేసు." మోకాలు వంచాడు.

సిమియోన్ తొడల మీద చేతులు ఆనించి గాలి పీల్చుకున్నాడు. అలవాటుగా స్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత చూశాడు. లాజర్ కాళ్లకు మోకాళ్ల దాకా గని రబ్బరు బూట్లు. వాటికి లేసులుండవు.



"తొమ్మిదేళ్లు," అన్నాడు సిమియోన్.

లాజర్ వేళ్లు మంచులో ఏదో కడుతూనే ఉన్నాయి.

"బుకారెస్ట్ ఆయన వచ్చిన రోజు కూడానా?"

"ఆ రోజు మాత్రం నిజంగానే ఊడింది."

"ఏడుసార్లా?"

"పాత లేసన్నా."

సిమియోన్‌కు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు మళ్లీ నవ్వయింది. "కొవ్వొత్తులన్నీ ఆ స్వామికి వెలిగించాను కదరా!"

"పోనీలే. ఆయనవి చెప్పులు. లేసుల సంగతి ఆయనకేం తెలుసు?"

ఊపిరి కుదుటపడుతోంది. పైన ఇంటి పొగగొట్టం కనిపిస్తోంది. మొక్కజొన్న సంకటి పొయ్యి మీద ఉండి ఉంటుంది.

"ఇక లేచి పదరా. చల్లారిపోతుంది."

"ఉండన్నా. ఇంకో కాలుంది."