డాక్టరు గారి భార్య ముక్కు

పోయిన నెల నెల్లూరులో మా మనవరాలి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం దాని భర్త, విమానాశ్రయంలో కొనుక్కొచ్చానంటూ పొడుగాటి రేకు డబ్బా ఒకటి హాల్లో బల్ల మీద పెట్టి, అందులోంచి ఒక సీసా తీసి, భార్యాభర్తలిద్దరూ చెరొక గ్లాసులో నాలుగు చుక్కలు పోసుకుని, పొగ వాసన వస్తోందా, తేనె వాసన వస్తోందా అని ఒకరినొకరు అడుగుతూ కూర్చున్నారు. పక్క గదిలో నడుం వాల్చి ఉన్న నాకు తలుపు సందులోంచి ఆ వాసన తగిలింది. మీరు నవ్వినా సరే, ఉన్నమాట చెబుతున్నాను, అరవై ఏళ్ళనాటి కడుపుమంట ఒకటి ఆ క్షణాన మళ్ళీ రాజుకుంది.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అవి మద్యనిషేధం రోజులు. సీమ విస్కీ కావాలంటే, అది లేకపోతే ఈ మనిషి ఆరోగ్యం నిలవదని డాక్టరు చేత కాగితం రాయించుకుని, దాని మీద పర్మిట్ తెచ్చుకోవాలి. రాయిలాంటి మా ఆయనకు ఏం జబ్బని రాయించారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇందుకూరుపేటలో మాకు మాగాణి ఉండేది, గూడూరులో ఒక మైకా గోడౌనులో వాటా ఉండేది. ఆయన వారంలో నాలుగు రోజులు గూడూరులో ఉండి శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరేవారు. మైకా కొనడానికి వచ్చే ఇంగ్లీషు దొర ఒకాయన, ఒక ఏడు సరుకు బాగా నచ్చి, పోతూ పోతూ ఒక సీసా కానుకగా ఇచ్చి వెళ్ళాడు. మామూలు విస్కీలు పది రకాలు కలిపి చేసినవట, ఇది మాత్రం ఒకే ఊళ్ళో, ఒకే బట్టీలో, మొలకెత్తిన బార్లీ గింజ ఒక్కదానితోనే దించినదట. దాన్ని గుటకలు వేయకూడదు, ముందు వాసన చూడాలి, తర్వాత నాలుక మీద నిలపాలి అని ఆ దొర నేర్పిపోయాడు. అంతే, మా ఆయనకు అదొక పిచ్చి పట్టుకుంది. తాగుబోతుతనం కాదు, ఆదివారం మధ్యాహ్నం ఉగ్గుగిన్నెడు పోసుకుంటే అదే ఎక్కువ. అలాంటి సీసా ఫలానా చోట దొరుకుతుందంటే మాత్రం మద్రాసు దాకా పోయేవారు. నాలుగేళ్ళలో అయిదు సీసాలు కూడబెట్టి, పడమటింటి బీరువాలో పట్టు చీరల పక్కన నిలబెట్టి, తాళం చెవి నా గుత్తికే వేయించారు.

ఆ రోజుల్లోనే మా ఊరి సర్కారు ఆస్పత్రికి కొత్త డాక్టరు గారు వచ్చారు. ఆయనకూ ఈ సరదా ఉందని తెలియగానే మా ఆయనకు పండగ అయిపోయింది. ఆదివారం భోజనాలయ్యాక మా వసారాలో పేము కుర్చీలు వేసుకుని ఇద్దరూ కూర్చునేవారు. రెండో వారం నుంచి డాక్టరు గారి భార్య కూడా రావడం మొదలుపెట్టింది. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. ఆమె తండ్రి నీలగిరి కొండల్లో తేయాకు తోటల కంపెనీలో తేనీరు రుచి చూసి ధర కట్టే ఉద్యోగం చేసేవాడట. చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కన నిలబడి, వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాడు పీల్చి ఉమ్మేస్తూ, ఏది ఏ కొండదో చెప్పడం నేర్చుకుందట. ఆమె మగవాళ్ళతో సమానంగా కుర్చీలో కూర్చుని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుక తడిసేపాటి రుచి చూసి తక్కినది పక్కన పెట్టేసేది. తర్వాత ఏదో ఒక మాట అనేది. ఆ మాట కోసం మా ఆయన ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసేవారు.

నేను వంటింట్లో వంజరం చేప ముక్కలు వేయిస్తూ, పొయ్యి పొగలోంచి వసారా వైపు చూస్తూ ఉండేదాన్ని. ఒక ఆదివారం ఆమె ఒక సీసాలోది వాసన చూసి, తుపాను వెలిసిన మర్నాడు ఒడ్డున ఆరేసిన వలల వాసన ఇది అన్నది. మా ఆయన తొడ చరుచుకుని, అబ్బ, ఏం ముక్కు తల్లీ మీది, నాకిన్నాళ్ళూ ఇదేందో అంతుబట్టలేదు అన్నారు. నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆ వాసన నాది. నేను పుట్టింది విడవలూరు దిగువన, సముద్రం పక్కన. మా చేనుగట్టు దాటితే చేపలు పట్టే పల్లెవాళ్ళ గుడిసెలు, వాటి ముందర వలలు. కొండల మీద పెరిగిన ఆమె ఆ వాసన ఎన్నిసార్లు చూసి ఉంటుంది, మహా అయితే రెండుసార్లు. పెళ్ళయిన అయిదేళ్ళలో మా ఆయన నన్ను కూరలో ఉప్పు సరిపోయిందా అన్న మాట తప్ప, ఏ రుచి గురించీ, ఏ వాసన గురించీ అడిగిన పాపాన పోలేదు.

ఆమె అందగత్తె అయి ఉంటే నాకంత బాధ ఉండేది కాదు. సాదా చీర కట్టుకుని, జుట్టు వదులుగా ముడి వేసుకుని వచ్చే మనిషి. నాతోనూ ప్రేమగానే మాట్లాడేది, నువ్వు కూడా వచ్చి కూర్చోరాదా అని రెండుసార్లు పిలిచింది కూడా. ఆ పిలుపు కూడా నాకు ముల్లులా గుచ్చుకుంది. నా ఇంటి వసారాలోకి నన్ను ఆమె పిలవడమేమిటని.

ఆయన గూడూరులో ఉన్న రోజుల్లో, పనిమనిషి వెళ్ళిపోయాక, తలుపు గడియ వేసుకుని బీరువా తెరవడం అప్పుడే మొదలైంది. మూత తీసి వాసన చూస్తే మొదట్లో ముక్కు మండటం తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత మా అమ్మ నెయ్యి పరీక్ష చేసే పద్ధతి గుర్తొచ్చింది. నేతిలో కల్తీ ఉందో లేదో చూడాలంటే అరచేతిలో వేసి రుద్ది, కాసేపాగి వాసన చూసేది. అలాగే ఒక చుక్క చేతిలో వేసుకుని రుద్దాను. మంట ఎగిరిపోయింది. చర్మం మీద మిగిలిన వాసన చూస్తే, ఆశ్చర్యం, అది మొలకట్టి ఎండబెట్టిన రాగుల వాసన. పసిపిల్లల జావ కోసం చేట నిండా ఆరబోసినప్పుడు వసారా అంతా కమ్ముకునే వాసన. ఒక్కో సీసాలో దాని వెనక ఒక్కొక్కటి, ఒకదాంట్లో తాటిమట్టల పొగ, ఒకదాంట్లో నిమ్మ తొక్క, ఒకదాంట్లో బెల్లం పాకం దించిన బాన. రెండు నెలల్లో కళ్ళు మూసుకుని ఏ సీసా ఏదో చెప్పగలిగాను. ఎవరికీ చెప్పలేదు. సమయం వస్తుందని దాచుకున్నాను.

ఆ సమయం వచ్చింది. ఆ ఇంగ్లీషు దొర ఎప్పుడూ చెప్పే ఒక సీసా కోసం మా ఆయన ఏడాదిగా వెతుకుతున్నారు. మద్రాసు రేవులో ఎవరో మనిషి ద్వారా చివరికి దొరికింది. ఆ ఆదివారం గూడూరు భాగస్తుణ్ణి కూడా భోజనానికి పిలిచారు. ఆయన పెద్ద కలిగిన మనిషి, మా ఆయన్ని మాగాణి రైతని, మడిలోంచి లేచొచ్చాడని, నలుగురిలో ఎత్తిపొడిచే అలవాటున్నవాడు. ఆయన ముందు ఈ సీసా తెరవాలని మా ఆయన ఎంత ఉబలాటపడ్డారో, పొద్దుటి నుంచీ గ్లాసులు ఎన్నిసార్లు తుడిచారో నేను చూశాను. చూసి కూడా ఆ పని చేశాను.

సీల్ తీసి నాలుగు గ్లాసుల్లో పోశారు. అందరూ అలవాటుగా డాక్టరు గారి భార్య వైపు చూశారు. ఆమె వాసన చూసి, ఒక్క క్షణం ఆగి, తేనె వాసన, చాలా బాగుంది అన్నది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. చేప ముక్కల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నేను పళ్ళెం బల్ల మీద పెట్టి, ఎవరినీ అడగకుండా ఆయన గ్లాసులోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దాను. మొలక గింజ వాసన లేదు. మాడ్చిన చక్కెర, సారా.

"అక్కా, మీకు నిజంగా తేనె వాసనొస్తా ఉండాదా?" అన్నాను. "ఇది చక్కెర మాడ్చి కలిపింది. పాత సీసాలో పోసి సీలు వేసినారు. నెయ్యి చూసేదానికి మల్లే చేతిలో రుద్ది చూడండి, తెలిసిపోతాది."

డాక్టరు గారు చేతిలో రుద్దుకుని చూసి తల దించుకున్నారు. భాగస్తుడు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఏమయ్యా, పరీక్ష చేసేదానికి ఇంట్లోనే మనిషిని పెట్టుకోని, మద్రాసు దాకా పోయి చక్కెర నీళ్ళు కొనుక్కొచ్చినావే."

నేను చూసింది డాక్టరు గారి భార్య ముఖాన్ని. అది చిన్నబోతుందని కాచుకుని ఉన్నాను. ఆమె నా వైపు గానీ భాగస్తుడి వైపు గానీ చూడలేదు, మా ఆయన వైపు చూస్తోంది. అప్పుడు నేనూ అటు తిరిగి చూశాను. ఆ ముఖం గురించి ఇక్కడ రాయలేను.

వారం తిరక్కముందే ఆ కథ గూడూరు గోడౌన్లన్నిటా పాకింది. మైకా పొరలు విడదీసే ఆడవాళ్ళు కూడా ఆయన వస్తుంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బీరువాలో సీసాలన్నీ గడ్డి వేసిన బుట్టలో పెట్టించి డాక్టరు గారింటికి పంపేశారు. ఆదివారాలు వసారాలో కుర్చీలు వేయడం మానేశారు. నేను కోరుకున్నది జరిగింది. జరిగాక, ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉంది.

ఇరవై రోజులకు డాక్టరు గారి భార్య ఒక్కతే మా ఇంటికి వచ్చింది. వంటింట్లోకే వచ్చి, పీట లాక్కుని కూర్చుని, కాఫీ ఇమ్మని అడిగి తాగింది. లోపల భయపడుతూనే, పైకి మాత్రం తల ఎత్తుకుని నిలబడ్డాను.

"మూత తీయగానే నాకు తెలిసిపోయిందమ్మా" అన్నదామె. "మీ ఆయన నన్నే చూస్తున్నారు, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలాగా. పక్కన ఆ పెద్దమనిషి. నాకు నోరు రాలేదు. సాయంత్రం ఒంటరిగా పిలిచి చెబుదామనుకున్నాను."

ఆమె గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళబోతూ ఆగింది.

"నీది నా కంటే మంచి ముక్కు. మా నాన్న ఉంటే నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

ఆ మాటతో నాకు పశ్చాత్తాపం కలిగి ఆమె కాళ్ళ మీద పడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కలిగింది పశ్చాత్తాపం కాదు. అప్పటిదాకా ఆమె ముక్కును చూసి ఓర్చుకోలేకపోయాను, ఆ రోజు నుంచి ఆమె మంచితనాన్ని చూసి ఓర్చుకోలేకపోయాను. ముక్కు విషయంలో నేను గెలవగలనని తెలిసింది. రెండోదాంట్లో మాత్రం ఎన్ని జన్మలకూ నాకు ఆశ లేదు. నా భర్త పరువు కాపాడాలన్న ఆలోచన ఆమెకు వచ్చింది, నాకు రాలేదు.

మరుసటి ఏడు వాళ్ళకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి మా ఆయన వెళ్ళారు, నేను తలనొప్పి అని పడుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళకు, ఒక మధ్యాహ్నం ఆయన గూడూరు నుంచి వచ్చి, సంచిలోంచి ఒక సీసా తీసి నా ముందు పెట్టి, "దీంట్లో ఏముండాదో చెప్పు" అన్నారు. నేను చేతిలో రుద్దుకుని చెప్పాను. పొగ, నిమ్మ తొక్క, మొలకట్టిన రాగులు. ఆయన తల ఊపారు. నిషేధం ఎత్తేశాక కూడా చాలా ఏళ్ళు, దొరికినప్పుడల్లా అలా ఇద్దరం కూర్చున్నాం. ఆయన నా మాటను ఎప్పుడూ కాదనలేదు. కానీ నేను చెప్పడం పూర్తయ్యాక గ్లాసు వెలుగులోకి ఎత్తి చూస్తూ, డాక్టరు గారి భార్య ఉంటే దీన్ని ఏమనేదో అనేవారు. కావాలని అన్న మాట కాదు, ఆయనకు అలవాటుగా వచ్చేది. ప్రతిసారీ నా గుండెలో కారం చల్లినట్టుండేది.

ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆమె కూడా కొండల్లోనే ఎక్కడో కన్నుమూసిందని ఆ మధ్య తెలిసింది. ఈ రోజుల్లో ఏ కాగితమూ అక్కర్లేదు, తలుపు గడియ వేసుకోనక్కర్లేదు, పెళ్ళాం మొగుడి పక్కన కుర్చీలో కూర్చుని నాకు ఈ వాసన తెలిసింది అని చెప్పవచ్చు. మొగుడు వింటాడు. అది చూస్తే ఈ పిల్లల మీద కూడా నాకు కొంచెం కుళ్ళుగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. అయితే ఇది పైపైన వచ్చి పోయేది. లోపల ఏళ్ళ తరబడి నన్ను నిద్రపోనివ్వకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకునేలా చేసిన అసూయ వేరు. దానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి, అదీ నాకంటే మంచి మనిషి అయి ఉండాలి. అలాంటి మనిషి నాకు జీవితంలో ఒక్కతే దొరికింది, ఆమె బస్సెక్కే రోజున నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను.