పుట్టి వడ్లలో వేసిన పట్టిక

ఆరేళ్ల క్రితం, జూన్ మొదటి వారంలో, సాగు ఖర్చుల సర్వేకు క్షేత్ర పరిశీలకుడిగా నన్ను విడవలూరు మండలంలో వేశారు. కాంట్రాక్టు ఉద్యోగం, మూడేళ్లు చేసి మానేశాను. ఎంపికైన ప్రతి రైతు ఇంట్లో మూడు విషయాలు రాసుకోవాలి: ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఏది ఎంతకు కొన్నారు, ఎంత పండింది. ఇంటివాళ్ల శ్రమకూ కూలి కట్టాలి.

మస్తానయ్య అయిదెకరాల కౌలు రైతు. కౌలు ఎకరాకు పుట్టి వడ్లు, అంటే ఇక్కడ ఎనిమిది వందల యాభై కిలోలు. గిట్టడం లేదు, తగ్గించకపోతే పొలం వదిలేయాలి. భూమి యజమాని పెంచలరెడ్డికి చూపించడానికి ఒక కాగితం రాసిమ్మన్నాడు. మస్తానయ్య తండ్రి సాగు వివరాలున్న పదిహేనేళ్ల నాటి సర్వే పుస్తకం ఆఫీసులో దొరికింది. రెండు కాలాల ఖర్చులనూ రూపాయల్లో పక్కపక్కన వేసి, చివరి వరుసలో మిగులు రాశాను.

పెంచలరెడ్డి ఆ చివరి వరుసే చదివాడు. "నీ మిగులు రెండింతలకి దగ్గరయిందని సారే రాసినాడు గదరా! మీ నాయన కాలం నుంచీ పుట్టే. నేను గింజన్నా పెంచినానా?"

ఇంటికొచ్చాక మస్తానయ్య భార్య రమణమ్మ నన్నే ఎత్తిపొడిచింది. "ఆ రెండింతల మిగులు ఏ మూలన ఉందో చూపించన్నా, తెచ్చుకుంటాం." మళ్లీ తనే, "కౌలు కొలిచేది వడ్లు గదా, లెక్క కూడా వడ్లలోనే వెయ్యి" అంది.

ప్రతి ఖర్చునూ ఆ ఏటి వడ్ల ధరతో భాగించాను. అప్పట్లో ఎకరాకు మూడు పుట్లు పండితే ఖర్చుకొకటి, కౌలుకొకటి పోయి ఒకటి మిగిలింది. ఇప్పుడు మూడున్నర పండుతోంది. ఖర్చు మాత్రం ఒకటీ ముప్పావు అయింది. కౌలు పోగా మిగిలేది ముప్పావు. వడ్ల ధర రెండున్నర రెట్లయింది కాబట్టే రూపాయల్లో అది రెండింతలకు దగ్గరగా కనిపించింది. వడ్ల ధర కంటే నాట్ల కూలి, దుక్కి బాడుగ వేగంగా పెరిగాయి.

పెంచలరెడ్డి ఈసారి కాగితమంతా చదివాడు. "నా పుట్టి మాత్రం అప్పుడు కొన్నంత కొంటుందా సారూ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అతని ఇంటి ఖర్చులు నా పట్టికలో లేవు. చివరికి ఎకరాకు వంద కిలోలు తగ్గించి, "మళ్లా కాగితం తేబాక" అని మస్తానయ్యను హెచ్చరించాడు.

మస్తానయ్య పొలం వదల్లేదు. దీర్ఘకాలపు ధరల పట్టిక ఏది వేసినా, ఇప్పుడు అంకెలకంటే ముందు రెండు విషయాలు పైన రాస్తాను: ఏ కొలతలో వేశాను, ఎవరి ఖర్చులు వదిలేశాను.