గురయ్య మావ చేతికి కట్టించిన గిలక

1999లో పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో, జీడిపప్పు దుకాణాల వరసలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టాను. కొత్త బి.పి.టి. డిగ్రీ, రెండు మంచాలు, ఒక కరెంటు మిషను, ఇదీ నా ఆస్తి. నాకు తెలిసినంతలో ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాణ్ని నేనొక్కణ్నే. అందరూ 'డాక్టరు బాబు' అనేవారు. నేనూ కాదనేవాణ్ని కాదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ పిలుపు చెవికి బాగానే ఉండేది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఉద్దానం తీరంలోని ఒక ఊరి నుంచి గురయ్య అనే మత్స్యకారుణ్ని ఆటోలో తీసుకొచ్చారు. యాభై అయిదేళ్లుంటాయి. పక్షవాతం వచ్చి నెలైంది. కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు గానీ కుడిచెయ్యి తడిబట్టలా వేలాడుతోంది. ఆయన భార్య నీలమ్మ తనకేం కావాలో ముందే చెప్పేసింది.

"సముద్రానికి మరెల్లడని మాకూ తెలుసు బాబూ. సెయ్యాడితే సాలు. వల బాగుసేసుకుంటూ నలుగురిలో కూకుంటాడు. నేకపోతే మంచమట్టేత్తాడు."

కాలేజీలో నేర్చుకున్నదే చెప్పాను. ఓవర్‌హెడ్ పుల్లీ అని ఒక వ్యాయామం ఉంది. పైన గిలక బిగించి, తాడు రెండు కొసలూ రెండు చేతులకు కట్టి, బాగున్న చేత్తో కిందికి లాగితే పడిపోయిన చెయ్యి పైకి లేస్తుంది. కీలు బిగుసుకోకుండా ఉంటుందని నా నమ్మకం. "రెండు పూటలా చేయించండి" అని కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చాను.

తాడూ గిలకా ఇచ్చి లాగమంటున్నది పుట్టినప్పటి నుంచి వలలు లాగేవాళ్లకని నాకు తట్టలేదు. దూలానికి గిలక బిగించారు. గురయ్య మావ ఎడంచేతి బలం చాలడం లేదని కొడుకు తాడు అందుకున్నాడు. కొడుకుతో పాటు మావ తమ్ముళ్లూ చెయ్యేశారు. వారం తర్వాత నేను వెళ్లేసరికి, ఒడ్డున అలివి వల లాగుతున్నట్టు హైలెస్సా అంటూ ఆయన చెయ్యి లాగుతున్నారు. నేను మురిసిపోయి, ఇంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరని మెచ్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారానికి భుజం నొప్పి మొదలైంది. "లాగేత్తంది బాబూ" అనేవాడు. "ముందు లాగుతుంది మావా, ఓర్చుకోవాలి" అనేవాణ్ని. నెల తిరిగేసరికి అరచెయ్యి ఉబ్బిపోయింది. చొక్కా తొడగబోతే కేక పెట్టేవాడు. కంటి మీద కునుకు లేదు.

"సెయ్యి రాకపోతే పర్నేదు. ఈ నొప్పి తీసేయ్. నేకపోతే సెయ్యే తీయించేయ్" అన్నాడు.

భయమేసింది. ఎవర్ని అడగాలి? చివరికి ఎస్.టి.డి. బూత్‌కి వెళ్లి, పక్క రాష్ట్రంలో ఎం.పి.టి. చదువుతున్న నా క్లాస్‌మేట్ సుధకు ఫోన్ చేశాను. ఎం.పి.టి. అంటే మా పనిలో పై చదువు.

"పుల్లీ కట్టించావా? ముందది ఊడదియ్యి" అంది సుధ. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలు వదులై కీలు కిందికి జారుతుంది. దాన్ని సబ్‌లక్సేషన్ అంటారు. చెయ్యి పైకి లేవాలంటే వెనకున్న రెక్క ఎముక కూడా తిరగాలి. అది తిరగకుండా తాడుతో లాగితే లోపలి మెత్తటి భాగాలు ఎముకల మధ్య నలిగిపోతాయి.

డిగ్రీలో సుధ కంటే నా మార్కులే ఎక్కువ. ఇప్పుడు ఆమె చేతులు ఎలా పనిచేస్తున్నాయో చూసి దిద్దేవాళ్లున్నారు. నాకు లేరు. తేడా అంతే.

మర్నాడు ఆ ఊరెళ్లి గిలక నేనే ఊడదీశాను.

"మరిన్నాళ్లూ మేం సేసిందేటి బాబూ?" అంది నీలమ్మ.

"నేను చెప్పిన తప్పు చేశారమ్మా. మీదేం లేదు."

కొడుకు కొట్టేలా చూశాడు. గురయ్య మావే అడ్డుపడ్డాడు. "ఒగ్గేయ్‌రా. ఒకేడు సముద్రానికెల్లొచ్చినోడికి సుక్కాని సేతికిత్తామేటి? మనమే ఇచ్చినాం. నువ్వింకా సదువుకోవాల బాబూ. ముందు నా నొప్పి తీసేసి ఎల్లు."

అక్కడి నుంచి పని తలకిందులైంది. చెయ్యి లాగడం బంద్. కూర్చున్నా పడుకున్నా చేతి కింద దుప్పటి మడత. రెక్క ఎముకను నా చేతులతో మెల్లగా కదిలించడం, బల్ల మీద గుడ్డ వేసి చేతిని ముందుకి జరిపించడం. వారం వారం సుధకు ఫోన్. తక్కువ చెయ్యడమే మందు అంటే ఆ ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. అయినా పదిహేను రోజులకు మావ రాత్రంతా నిద్రపోయాడు. ఎండాకాలం వచ్చేసరికి కుడిచేత్తో వల అదిమిపట్టి ఎడంచేత్తో చిరుగులు అల్లుకుంటున్నాడు. చెయ్యి పూర్తిగా రాలేదు. నలుగురిలో కూర్చోవడానికి మాత్రం సరిపోయింది.

నేను ఎం.పి.టి. ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకుంటే నాకు పిల్లనిచ్చిన మావగారు నొచ్చుకున్నారు. "ఉన్న డిగ్రీకే జనం వస్తున్నారు కదయ్యా" అన్నారు. వాళ్లలా వస్తున్నారనే నా భయం. పై చదువులు పట్నాల్లో పనిచేసేవాళ్లకి గానీ పలాసలో ఎందుకంటారు. పట్నంలో తప్పు చేస్తే పక్క గదిలో ఉన్నవాడు దిద్దుతాడు. ఇక్కడ దిద్దేవాడే లేడు. అందుకని ఇక్కడే ఎక్కువ చదువు కావాలి. క్లినిక్‌కి రెండేళ్లు తాళం వేశాను. ఎం.పి.టి. కాలేజీలో కొత్త మిషన్ల కంటే, ప్రతి పేషెంటు దగ్గరా "ఎందుకిలా చేశావు?" అని నిలదీసిన మాస్టార్లే నాకు ఎక్కువ నేర్పారు.

తిరిగొచ్చాక, 2004లో, నీలమ్మ అన్నకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. నేను వెళ్లేసరికి కొడుకులు ఆయన్ని జబ్బ పట్టుకుని లేపబోతున్నారు. గురయ్య మావ వీధిలోంచే కేకలేశాడు.

"సెయ్యట్టుకుని లాగకండ్రా! నడుం పట్టుకోండి!"

కూర్చోబెట్టాక తువ్వాలు మడిచి తనే ఆ చేతి కింద పెట్టి, నా వైపు తిరిగాడు.

"సరిగ్గున్నాదా బాబూ? తప్పుంటే సెప్పు."

డిగ్రీ చేతికొచ్చాక ఆ మాట నేను ఎవర్నీ అడగలేదు. ఒక మనిషి వారాల తరబడి నొప్పితో కేకలు పెడితే గానీ నోరు రాలేదు. మళ్లీ రెండేళ్లు చదివింది ఆ ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవడానికే.

దగ్గరికెళ్లి చూశాను. భుజం సరిగ్గానే ఉంది. మణికట్టు మాత్రం తువ్వాలు అంచు దాటి కిందికి జారింది.

"ఇక్కడింకో మడత పెట్టు మావా" అన్నాను.

పెట్టాడు.