పొడి పొట్లం మీద బొమ్మ

ఆ ఏడు వాన మొహం చాటేసింది. శనక్కాయ పంట చేలోనే ఎండిపోయింది. మిగిలిన పాత కాయలు వలిచి, వేయించి, ఎండుమిరపకాయలు కలిపి మా కోడలు పొడి దంచింది. ఉరవకొండలో ఒక అంగడాయన అమ్మిపెడతానన్నాడు. అది అమ్ముడుపోతేనే మాకు ఇల్లు గడిచేది.

పొట్లం మీద అతికించే కాగితానికి బొమ్మ ఎంచింది నేనే. ఆకుపచ్చ రంగు మీద, ఏపుగా పెరిగిన శనక్కాయ చేను. మా సీమలో కంటికి అంతకన్నా చల్లనిది ఏముంటుంది?

సంతనాడు కోడలూ నేనూ అంగడికి పోతే పొట్లాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక రైతు వచ్చి ఒకటి తిప్పి చూశాడు.

"ఏమన్నా, ఈ మందు ట్యాంకుకు ఎంత కలపల్ల?"

"మందు కాదప్పా, అన్నంలోకి పొడి. మేమే చేసినాము," అన్నాను.

"తినేదా! పురుగుమందు మాదిరి ఉండాది గదమ్మా. తింటే పురుగు సస్తాదా, నేను సస్తానా?"

అంగడాయన పగలబడి నవ్వాడు. కోడలి ముఖం వాడిపోయింది.

ఇంటికొచ్చి, దాచిన కవర్లన్నీ నేల మీద పరిచాను. నేను ఏదీ పారేయను కాబట్టి చాలానే ఉన్నాయి. విత్తనాల సంచి, ఎరువు సంచి, కొట్టంలోని మందు డబ్బా: అన్నిటి మీదా పచ్చరంగూ, నిండు చేనూ. కారం, పసుపు, టీ పొడి మాత్రం ఎరుపు, పసుపు రంగుల్లో. సబ్బు మీద ఆడమనిషి, బీడీకట్ట మీద మీసాలాయన. నేను చదివింది రెండో తరగతి. ఇన్నేళ్లూ రంగు చూసే సరుకు కొన్నానని అప్పుడు తెలిసింది. మా అమ్మ కాలంలో బెల్లమైనా చింతపండైనా పాత పేపరు పొట్లమే. మరి ఈ రంగులు ఎవరు పంచిపెట్టారు?

అనంతపురంలో అచ్చువేసే ఆయన్ను అదే అడిగాను.

"నాకేం తెలుసవ్వా! మా నాయన పెండ్లి కార్డుకు ఎరుపూ పసుపూ ఏసేటోడు, తినే సరుక్కూ అవే ఏసినాడు. నేనూ అవే ఏస్తాండా. మందుల కంపెనీలొచ్చినాక చేను బొమ్మ వాళ్లదైపాయ."

"అట్లయితే ఎర్రగా ఒక రోలు బొమ్మ ఎయ్యి. మిగిలిన ఈ పచ్చకాగితాల ఎనక తెల్లగుండాది, దాని మీదే అచ్చెయ్యి."

"కొత్త కాగితం తీసుకోరాదా అవ్వా?"

"ఇవి నీ పెండ్లికి దాచిపెట్టల్లనా?"

నవ్వుకుంటూ కంప్యూటరు మీద రోలు గీశాడు.

మళ్లీ సంతనాడు చదువు రాని ఒక ముసలామె అంగడి ముందు నిలబడి వేలు చూపించింది. "ఆ రోలు పొట్లం ఇయ్యప్పా, కారంగా ఉంటాదేమో సూస్తాను."

ఇంటికి చేరగానే కోడలు చాట నిండా కాయలు పోసుకుని వలవడానికి కూర్చుంది.