పాత కట్టుతోనే రండి

మంగళవారం పొద్దున మేడమ్ పోయారని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఇంకా ఎనిమిది స్లైడ్లు చూడాల్సినవి ఉన్నయి గద!" అని. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మేడమ్ విని ఉంటే మాత్రం తప్పు పట్టేవారు కాదు. ఎవరెవరివి, ఎన్ని రోజులైందని అడిగేవారు.

శంషాబాద్‌లోని మా చిన్న ఆసుపత్రిలో, మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బుకు పేరు పెట్టే డాక్టరు ఆమె. నేను పద్దెనిమిదేళ్లు ఆమె దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాకు వచ్చే ముక్కల సంగతి చెబితే మీకూ విసుగొస్తుంది. మందునీళ్లలో వేసి పంపాల్సినదాన్ని ఉప్పునీళ్లలో వేస్తారు. పచ్చడి సీసాలో తెస్తారు, మూత తీస్తే ఇంకా ఆవ వాసన. చీటీ మీద "గడ్డ" అని మాత్రమే రాసి ఉంటుంది. మేడమ్ వెంటనే ఫోన్ ఎత్తేవారు. "ఎవరి గడ్డ బాబూ? ఎక్కడి గడ్డ? ఎన్నాళ్ల నుంచి? నేను డాక్టర్నా, సోది చెప్పేదాన్నా?" అవతలివాళ్లు నొచ్చుకునేవారు. వారం తిరక్కుండా అదే డాక్టరు దగ్గర నుంచి అలాంటి చీటీయే మళ్లీ వచ్చేది.

రంగు మందులు అయిపోతే నెలలు పట్టేది. మైక్రోస్కోపు బల్బు మాడిపోతే కిటికీ దగ్గరికి లాక్కుని ఎండ వెలుతురులో చూసేవారు. విమానం దిగుతున్నప్పుడు కిటికీ అద్దాలు గలగలమంటే కళ్లెత్తి, అది దాటిపోయేదాకా ఆగేవారు. "ప్రపంచమంతా మన నెత్తిమీదే దిగుతుందే, ఒక్క రంగు సీసా దిగదు" అనేవారు. ఆమెది కోస్తా యాస. కోపమొస్తే ఇంకా స్పష్టంగా పలికేది.

మా బాపుది తొండుపల్లి. ఉత్త కాళ్లతో పొలం చేసిన మనిషి. నాలుగేళ్ల కింద కుడి పాదం ముల్లు గుచ్చుకున్న చోట వాచింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. వాపు పెరిగి, రంధ్రాలు పడి, చీము కారడం మొదలయ్యాక సిటీలో పెద్ద డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రేలో ఎముక తిన్నట్టుంది, ఇది ఎముకలో కంతే, పాదం తీసెయ్యాలి అన్నాడాయన. ముక్క తీసి పరీక్షకు పంపితే ఏమీ తేలలేదు. అయినా వచ్చే శుక్రవారం ఆపరేషన్ అన్నారు.

మేడమ్‌కు చూపిద్దామని బాపును తీసుకొచ్చాను. వచ్చే ముందు కాలు వేడినీళ్లతో కడిగి, పసుపు రాసి, కొత్త కట్టు కట్టాను. డాక్టరు దగ్గరికి కడుక్కునే కదా పోతాం, మా ఇళ్లల్లో అదే మర్యాద. మేడమ్ కట్టు విప్పి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"కాలిని పెళ్లిచూపులకి తయారుచేసి తెచ్చావా? ఇన్నేళ్లు నా దగ్గర ఏం నేర్చుకున్నావే?"

చీములో సన్నటి రవ్వలుంటే అది కంతి కాదు, ముల్లుతోపాటు మట్టిలోంచి ఎక్కిన సూక్ష్మక్రిమి కావచ్చన్నారు. కొన్ని రకాలు మందులకే లొంగుతాయట. ఆ రవ్వలు పాత కట్టుకే అంటుకుని ఉంటాయి, దాన్నే నేను పారేశాను. మూడు రోజులు కాలు కడగొద్దు, కట్టు విప్పొద్దు, దానితోనే రండి అని పంపేశారు. శుక్రవారం గురించి నేను ఏడుస్తుంటే, "తొందరెవరికే? కోసేవాడికా, కాలున్నవాడికా?" అన్నారు.

మూడో రోజు గురువారం. నేను తయారై వచ్చేసరికి బాపు తెల్లటి కొత్త కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు.

"గలీజు కాలు డాక్టరమ్మకు ఎట్ల సూపెడుదు బిడ్డా, జర ఇజ్జతుండాలె గద."

పాతది ఏదని అడిగితే పెరట్లో పెంటకుప్ప వైపు చెయ్యి చూపించాడు. కన్నతండ్రిని తిట్టకూడని మాటలు తిడుతూ చీర ఎగ్గట్టి కుప్పంతా తవ్వాను. దొరికిన కట్టును కవర్లో వేసుకుని ఇద్దరం ఆటో ఎక్కాం.

మేడమ్ దాన్ని మడత మడతగా విప్పి, సూదితో నాలుగు రవ్వలు ఏరారు. గసగసాలంత ఉన్నాయి. గాజు మీద నలిపి, రంగు పోసి, చాలాసేపు చూసి, నన్ను పిలిచి చూడమన్నారు. సన్నటి దారాలు చిక్కుపడినట్టున్నాయి. లావు పోగులైతే వేరే జాతి, అది మొండిది. ఇది మందులకు లొంగే జాతే అన్నారు.

"పెద్దాయనా, మీ కాలు పెంటకుప్పలో పారేశారు. మీ అమ్మాయి ఏరి తెచ్చింది" అన్నారు బాపుతో. ఆ తర్వాత ఆ సిటీ డాక్టరుతో ఫోన్లో అరగంట పోట్లాడి ఆపరేషన్ ఆపించారు. ఏడాదిపైగా సూదులు, గోలీలు. వాపు దిగింది, రంధ్రాలు మూసుకున్నాయి. బాపు ఇప్పుడు కొంచెం కుంటుతాడు, అంతే.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం కూడా ఒక గడ్డ ఉప్పునీళ్లలోనే వచ్చింది. ఆ ఎనిమిది స్లైడ్లను సిటీకి పంపాను, ఇంతవరకు జవాబు లేదు. ఆమె కుర్చీలోకి ఎవరొస్తారో ఎవరికీ తెలియదు. సంతాప సభలో మాత్రం ఆమె దేవత అని అందరూ మాట్లాడారు. ఏం దేవత? ముక్క పంపేటప్పుడు ఒక్క చీటీ సరిగ్గా రాయండని బతికినన్నాళ్లూ మొత్తుకున్న మనిషి. నాకు దుఃఖంకన్నా కోపమే ఎక్కువగా ఉంది.

బుద్వేల్‌లో వాళ్ల ఇంటి నుంచి అంతిమయాత్ర బయల్దేరినప్పుడు బాపు చెప్పులు విడిచాడు. దారంతా కంకర కలిసిన మట్టి, పక్కన తుమ్మముళ్లు. వేసుకొమ్మని గట్టిగానే చెప్పాను.

"ఆమెను సాగనంపుతుంటె చెప్పులేసుకొని నడుస్తనా బిడ్డా?"

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచాను. ఆమె ఒక్కసారి లేచి మా ఇద్దరినీ తిడితే బాగుండనిపించింది. ముందు ఎవరో నీళ్లు చల్లుకుంటూ పోతున్నారు. తడి మట్టి మీద బాపు ఎడమ పాదం ముద్ర లోతుగా, కుడి పాదం ముద్ర కొంచెం పైపైన, అయిదు వేళ్లతో సహా పడుతూ పోయాయి. నేను వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచాను.