అక్కయ్యకు కారు నేర్పించడం

స్కూలు బస్సు నడిపేవాడికి పగటిపూట మధ్యలో పెద్ద ఖాళీ ఉంటుంది. పొద్దున్నే పిల్లల్ని గేటు దగ్గర దింపేశాక, సాయంత్రం బెల్లు కొట్టేదాకా అతనితో ఎవరికీ పని ఉండదు. ఈ డ్రైవరు ఆ వేళంతా బస్సులోనే కాళ్లు చాపుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని హాయిగా నిద్రపోయేవాడు. బస్సెక్కే ప్రతి పిల్లకూ, దిగే ప్రతి పిల్లాడికీ "నిదానం, నిదానం" అని చెప్పడం అతని అలవాటు. దాంతో పిల్లలు నిదానం మామయ్య అని పేరు పెట్టేశారు. ఆ పేరు పిల్లల నుంచి టీచర్లకు, టీచర్ల నుంచి వీధికి పాకింది. చివరికి కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా "నిదానంగారి ఇల్లిదేనా?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ నిద్రకు ఎసరు పెట్టింది అతని భార్యే. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కూతురు కాలేజీలో చేరింది, ఇంటి అద్దె పెరిగింది. ఒకనాడు మిషను ఆపి, నోట్లో దారం ముక్క తీసి అడిగింది.

"ఏమండీ, మధ్యాహ్నమంతా మీరేం చేస్తుంటారు?"

"బస్సు చూసుకుంటుంటాను."

"కళ్లు మూసుకునా?"

ఎవరు మోశారో గానీ కబురు ఇంటికి చేరిపోయింది. ఇక తప్పలేదు. మొదట నీళ్ల క్యాన్లు వేసే పనికి కుదిరాడు. వారం తిరక్కుండానే నడుం పట్టేసింది. ఆ తర్వాత ఒక ఫర్నిచరు షాపు వ్యాను నడపడానికి ఒప్పుకున్నాడు. నడపడం ఒక్కటే అన్న షాపువాడు తీరా చూస్తే బీరువా ఒక కొస పట్టుకోమన్నాడు. మెట్ల మీదుగా పైఅంతస్తుకు ఎక్కించాక ఆ ఇంటావిడ రంగు నచ్చలేదంది. మళ్లీ దింపారు. ఆ సాయంత్రం స్టీరింగు తిప్పుతుంటే చేతులు తనవి కావనిపించింది.

మూడోది డ్రైవింగు స్కూలు. జిరాక్సు షాపుకూ సెలూనుకూ మధ్య ఒక్క గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద రంగు వెలిసిన రోడ్డు గుర్తుల పటం. ఓనరు ఒక చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోను పెట్టుకుని, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నాడో ఫోనులో మాట్లాడుతున్నాడో తెలియకుండా మాట్లాడేవాడు. "మాస్టారూ, ఇది కూర్చునే పని. బరువులెత్తక్కర్లేదు" అన్నాడు. నిజమే, బరువులెత్తక్కర్లేదు. కానీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఒకాయన బ్రేకు వేయాల్సిన చోటల్లా హారను కొట్టేవాడు. ఒకమ్మాయి ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకునేది. ఇంకో కుర్రాడు అంతా వీడియోల్లో చూసి నేర్చేసుకుని వచ్చి, మాస్టారుకే పాఠం చెప్పేవాడు. నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది ఆ కారులో. దాన్ని తొక్కీ తొక్కీ అతని ఎడమ చెప్పు ఒకవైపే అరిగిపోయింది. స్కూలు బస్సులో ఏళ్ల తరబడి గొంతెత్తని మనిషి ఇక్కడ పళ్లు నూరుకుంటూ "నిదానం" అనేవాడు, ఆ తర్వాత అరిచేవాడు.

ఇవన్నీ భరించాడు. అప్పుడు దిగింది అక్కయ్య.

అతని బావది కాగితాలూ పెన్నులూ అమ్మే చిన్న షాపు. చూపు మందగించిందని డాక్టరు ఆయన్ని ఇక కారు నడపొద్దన్నాడు. కారు ఇంటి ముందు కవరు కప్పుకుని కూర్చుంది. షాపుకు సరుకు ఎవరు తేవాలి? ఎవరినీ అడగకుండా అక్కయ్యే నిర్ణయించేసుకుంది.

"మాస్టారూ, ఎవరో ఆవిడ మీరే కావాలంటున్నారు" అన్నాడు ఓనరు. చూస్తే హ్యాండుబ్యాగు ఒళ్లో పెట్టుకుని అక్కయ్య. అతని గొంతులో వెలక్కాయ పడింది.

"అక్కా, ఇంకో మాస్టారున్నారు, చాలా మంచాయన."

"మంచాయన నాకెందుకురా? తమ్ముడుండగా డబ్బు పోసి పరాయివాడి దగ్గర తిట్లు తింటానా?"

మొదటి రోజే తేలిపోయింది, తిట్లు తినేది ఎవరో.

"అక్కా, క్లచ్ తొక్కు."

"ఎందుకు?"

"గేరు మార్చాలి."

"బాగానే పోతోంది కదరా. బాగా పోయేదాన్ని మార్చడం దేనికి?"

ప్రతిదానికీ కారణం చెప్పాలి. కారణం చెప్పేలోపు మలుపు వచ్చేసేది. మలుపు దగ్గర ఆవిడకు ఇంటి విషయాలు గుర్తొచ్చేవి. "చెల్లికి ఫోన్ చేశావా? జ్వరమట దానికి" అనేది, రెండు చేతులూ వదిలేసి. తెలిసిన మనిషి కనిపిస్తే నడిరోడ్డు మీద కారాపి పలకరించేది. తెలియని మనిషి అడ్డొస్తే అద్దం దించి మందలించేది. అతను గట్టిగా ఒక మాటంటే చాలు, "సైకిల్ నేర్పేటప్పుడు నీ మీద నేనిలా అరిచానా?" అని దెప్పేది. సైకిల్ నేర్పింది నిజానికి బాబాయి. ఆ మాట అనే ధైర్యం అతనికి ఏనాడూ లేదు. సాయంత్రం బస్సెక్కేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. పిల్లల గోల చెవులకు విశ్రాంతిలా ఉండేది.

ఒకరోజు వంతెన ఎక్కుతుండగా సరిగ్గా మధ్యలో కారు ఆగిపోయింది. వెనక బారులు తీరిన బళ్లు, హారన్లు. ఆవిడ తాళం తిప్పింది, కారు ఒక్క గెంతు వేసి మళ్లీ ఆగింది. ఇంకోసారీ అంతే.

"క్లచ్ ఒక్కసారిగా వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? బుర్ర ఇంట్లో పెట్టి వస్తావా?" అరిచేశాడు. అద్దాలు దించి ఉన్నాయి. పక్క స్కూటరువాడు కూడా విన్నాడు.

అక్కయ్య హ్యాండుబ్రేకు లాగింది, తలుపు తీసుకుని దిగిపోయింది. అద్దంలో చూస్తే ఆవిడ వెనక కారు దగ్గరికి వెళ్లి, కిటికీలోకి వంగి ఏదో చెబుతోంది. దాని వెనక వ్యాను దగ్గరికీ వెళ్లింది. హారన్లు ఒకటొకటే ఆగిపోయాయి. తాపీగా తిరిగొచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఏం చెప్పావు వాళ్లకి?"

"నేర్చుకుంటున్నాను, కాస్త ఓపిక పట్టండి అన్నాను. పట్టారు. నువ్వు కూడా పట్టు."

ఈసారి క్లచ్‌ని వేలెడు వేలెడు చొప్పున వదిలింది. కారు మెత్తగా కదిలి వంతెన దాటింది. అతను తన వైపు బ్రేకు తాకలేదు. తాకాల్సిన అవసరం రాలేదన్నదే అతనికి ఇంకా ఒళ్లు మండించింది.

మొదటిసారికే టెస్టు పాసైంది. బతుకు జీవుడా అనుకున్నాడు. షాపు సరుకంతా తనే తెచ్చుకుంటోందని, బావను కూడా ఆసుపత్రికి తనే తీసుకెళ్తోందని విని సంతోషించాడు కూడా. దూరం నుంచి సంతోషించడంలో అతనికి ఇబ్బంది లేదు.

ఏడాది తిరిగాక ఆవిడ ఎవరో పొరుగావిడను చేర్పించడానికి డ్రైవింగు స్కూలుకు వచ్చింది. ఆ పొరుగావిడకు క్లచ్ అంటే భయం. అక్కయ్య అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా రెండు చెప్పులు పెట్టి, ఇది క్లచ్, ఇది బ్రేకు అంటూ ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. ఓనరు చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి విన్నాడు. ఆయన ఇయర్‌ఫోను తీయగా అందరూ చూడడం అదే మొదలు. ఆడవాళ్లకు నేర్పడానికి వస్తారా అని ఆ రోజే అడిగాడు. కావలసిన పరీక్ష రాసి, కాగితం చేతబట్టుకుని ఆవిడ వచ్చేసింది.

ముందు ఆడవాళ్లు ఆవిడ వైపు వెళ్లారు. తర్వాత వాళ్ల భర్తలు. ఆఖరికి వీడియోల కుర్రాడు కూడా "మేడంగారి దగ్గర ఖాళీ ఉందా?" అని అడిగాడు. నిదానం దగ్గర హారనాయన ఒక్కడే మిగిలాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోవద్దు" అన్నాడు ఓనరు. ఆ ముక్క అతనితోనే అన్నాడని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

అరికాలి మంట నెత్తికెక్కి నేరుగా అక్కయ్య ఇంటికి వెళ్లాడు. ఆవిడ బకెట్టుతో నీళ్లు పోస్తూ కారు కడుగుతోంది.

"ఊళ్లో ఇంకే పనీ దొరకలేదా నీకు? నా పొట్టే కొట్టాలా?"

"గొడవ తర్వాత పడుదువుగాని, ముందు ఆ గుడ్డ అందుకో."

అలవాటుగా గుడ్డ అందుకున్నాడు. తుడుస్తూనే అడిగాడు. "అంతమందీ నీ దగ్గరికే ఎందుకొస్తున్నారు? ఏం చెబుతావసలు?"

"నువ్వు చెప్పినవేరా. మాట పొల్లుపోకుండా నీ మాటలే. కాకపోతే నువ్వు అరిచిన చోటల్లా నేను అరవను." చక్రం మీద నీళ్లు పోస్తూ మళ్లీ అంది. "ఆ పని నీకు పడదురా. అది చేస్తున్నన్నాళ్లూ నీ మొహంలో కళ లేదు. మానేయ్."

మెచ్చుకుందో తిట్టిందో తేల్చుకోలేకపోయాడు. అద్దాలు నాలుగూ తుడిచి, గుడ్డ పిండి ఆరేసి ఇంటికి వచ్చాడు.

పని పోయిందని చెబితే భార్య రుసరుసలాడుతుందనుకున్నాడు. ఆవిడ మిషను ఆపనైనా ఆపలేదు.

"వదినగారు చెప్పారు. ఎల్లుండి నుంచి నేను ఆవిడ దగ్గర చేరుతున్నాను. ఆవిడ కారులో యూనిఫారాలు షాపులకు నేనే వేసుకుంటే ఆటోల ఖర్చు తప్పుతుంది."

"ఇంట్లో నన్ను పెట్టుకుని అక్కడ చేరడమేమిటి? నేను నేర్పనా?"

"మీరు అరుస్తారటగా."

రెండో వారంలో భార్య వీధిలోకి డ్రైవింగు స్కూలు కారు తీసింది. పక్క సీటులో అక్కయ్య. ఎలాగూ షాపు దారే కదా అని, యూనిఫారాల మూటలు రెండు ఒళ్లో పెట్టి అతన్ని వెనక కూర్చోబెట్టారు. నోరెత్తకూడదన్నది షరతు. సిగ్నలు దగ్గర పచ్చ లైటు పడింది. కారు గెంతి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అతను ముందుకు వంగి నోరు తెరిచాడు. అక్కయ్య అద్దంలోంచి చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

"కంగారేం లేదమ్మాయ్, లైటు మళ్లీ పడుతుంది" అంది అక్కయ్య.

భార్య మళ్లీ తాళం తిప్పింది. కారు కదిలిన ఊపుకు మూటలు రెండూ జారి ఊడిపోయాయి. అతను పళ్లు బిగబట్టి, కాళ్ల దగ్గర పడ్డ నీలం చొక్కాలు ఒక్కొక్కటే ఏరి మడతపెట్టసాగాడు.